ఈనిన చేపకు తవుడూ బెల్లమూ

మా ముందుగదిలోకి వచ్చేవాళ్ళు రెండు రకాలు. చేపల తొట్టి చూసి "అబ్బ, ఎంత బాగుందో" అనేవాళ్ళు మొదటి రకం. "ఇవి ఎన్నయితే పులుసుకి సరిపోతాయి?" అని అడిగేవాళ్ళు రెండో రకం. ఈ రెండో రకమంతా మా పొన్నూరు వైపు చుట్టాలే. కాలవ గట్టున పుట్టినవాళ్ళకి చేప కథ ఎక్కడ మొదలైనా చింతపండు దగ్గరే ముగుస్తుంది. మా పెదనాన్న అయితే గోరంత ఉన్న ఒక నియాన్ టెట్రా చేపను కళ్ళజోడు సవరించుకుని మరీ చూసి, "ఒరేయ్, దీన్ని బాగుచేసే లోపల మనకు ఆకలి చచ్చిపోద్దిరా" అన్నాడు.

నేనూ ఆ కాలవల మనిషినే. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కాలవలో దిగి నాచు పీకి గట్టు మీద పారేసేవాణ్ణి. ఏడో తరగతిలో బడి కూడా నన్ను అట్లాగే పీకి గట్టు మీద పారేసింది. ఇప్పుడు అదే నాచును గుంటూరులో చేపల కొట్టువాడి దగ్గర కొనుక్కొస్తున్నాను. వాడు దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు పెట్టాడు. పేరు మారిస్తే సరుకు విలువ పెరుగుతుందని బడిలో చెప్పి ఉంటే ఇంకో రెండేళ్ళు బెంచీ మీద కూర్చునేవాణ్ణి.

నా ఉద్యోగం మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో, మెషిన్ గదిలో. రైతులు ధర వచ్చేదాకా దాచుకున్న మిరప బస్తాలు, మా భాషలో టిక్కీలు, లోపల చల్లగా నిద్రపోతుంటే, వాటి నిద్ర చెడకుండా నేను మేలుకుని ఉండాలి. మనిషిగా పుట్టి మిరపకాయలకు జోల పాడే పని. ఆ చల్లదనం తెచ్చేది అమ్మోనియా. అది పైపుల్లోంచి కాస్త బయటికొచ్చినా కళ్ళు మండిపోతాయి. తొట్టి కొన్న రోజున కొట్టువాడు, "చేపల రెట్టతో నీళ్ళలో అమ్మోనియా పుడుతుంది, అదే వాటి ప్రాణం తీస్తుంది, వారం వారం నీళ్ళు మార్చాలి" అన్నాడు. డ్యూటీలోనూ అమ్మోనియా, ఇంట్లోనూ అమ్మోనియా! నాకు నవ్వొచ్చింది. వాడికి ఎందుకో అర్థం కాలేదు.

తొట్టి మూడడుగులది. వెనక వరుసలో గడ్డిపోచల్లాంటి పొడవాటి మొక్కలు, మధ్యలో ఒక కర్ర దుంగ, దాన్ని చుట్టుకుని పచ్చటి నాచు. పైన తిరిగేవి నియాన్ టెట్రాలు. అవి ఎటు తిరిగినా గుంపుగా తిరుగుతాయి, ఒక్కటి కూడా సొంతంగా ఆలోచించిన పాపాన పోదు. అడుగున మీసాల కోరీలు. కల్లంలో రాలిన కాయలు ఏరుకునే ఆడవాళ్ళలాగా నేలంతా వెతుక్కుంటూ ఉంటాయి. మధ్యలో నల్ల మోలీలు. ఏ ఒక్కటీ ఇంకోదాన్ని కొరకదు, తరమదు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, టీ గ్లాసుతో వాటి ముందు కూర్చుంటే, లోకంలో ఇంత మర్యాదస్తులు ఉన్నారా అనిపించేది.

అట్లాంటి ఇంటికి మా అత్త వచ్చింది.

ఆమెది పొదిలి అవతల పల్లె. మామ పోయాక గేదెను చూసుకుంటూ ఒక్కతే ఉండేది. మోకాళ్ళు మొరాయించి, గడ్డిమోపు ఎత్తలేక, చివరికి గేదెను అమ్మేసింది. మా ఆవిడ ఒక్కతే కూతురు. వెళ్ళి తీసుకొచ్చింది. తీసుకొచ్చిన రోజే నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"ఈసారి అమ్మను పంపించేది లేదు. ఆ ఊళ్ళో ఆమెకి ఇంక ఎవరున్నారు? గేదె కూడా లేదు."

"ఉండమను, నేనేమైనా వద్దన్నానా?"

"నువ్వు వద్దనవు. నీ నోరు అంటుంది. నీ ఎగతాళి భరించలేక ఆమె బస్సెక్కిందా, నువ్వూ నీ చేపలూ మేడ మీదే కాపురం."

కష్టమంతా అక్కడే ఉంది. మా అత్తకు ఉండాలని లేదని కాదు. అల్లుడింట్లో కూర్చుని తినడం అనే మాట ఆమెకు గొంతులో ముల్లు. "పది రోజులుంటా" అని వచ్చింది. ఆ పది అయ్యాక "వచ్చే ఆదివారం గుళ్ళో ప్రార్థన కానిచ్చుకొని పోతా" అంది. ప్రతి ఆదివారానికీ ఒక వచ్చే ఆదివారం ఉంటుంది కాబట్టి మేము బతికిపోతున్నాం. కానీ ఆ మాట వినబడ్డప్పుడల్లా మా ఆవిడ చేతిలో గరిటె ఒక క్షణం ఆగేది.

ఇంకో కష్టం ఏమిటంటే మా అత్త నాతో మాట్లాడదు. కోపం కాదు, పద్ధతి. వాళ్ళ ఊళ్ళో పాతకాలపు అత్తలు అల్లుడి ముఖం చూసి మాట్లాడరు. తలుపు చాటున నిలబడి, కూతురితో అంటారు. అల్లుడు వినాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకూ ఆమెకూ మధ్య రాయబారమంతా మా ఆవిడదే. ఇప్పుడు ఆవిడ పొద్దున్నే కుట్టుపనికి వెళ్ళిపోతుంది. నైట్ డ్యూటీ దిగి నేను ఇంట్లో ఉంటాను. ఇంట్లో ఇద్దరం, మధ్యన మనిషి లేడు.

రెండు రోజులు ఇల్లంతా మూగనోము పట్టినట్టు ఉంది. మూడో రోజు టీ తాగుతూ తొట్టి ముందు కూర్చున్నాను. వెనక తలుపు దగ్గర గాజుల చప్పుడైంది.

"ఏమ్మా చేపమ్మా," అంది మా అత్త, "అన్నం పొయ్యి మీద ఉండాది, కూర ఆరిపోకముందే తినమని చెప్పు."

నేనూ తొట్టి వైపే తిరిగి, "చేపమ్మా, స్నానం చేసి తింటానని చెప్పు" అన్నాను.

"గోంగూరలో ఉప్పు తగ్గిందేమో, చూసుకోమను."

"మా అత్త చేతికి ఉప్పు తగ్గడమేంటి, నా నాలుకకే ఎక్కువైందని చెప్పు."

తలుపు వెనక నవ్వు ఆపుకున్న చప్పుడు వినిపించింది. ఆ రోజు నుంచి చేపలు మా ఇంట్లో మధ్యవర్తులు. మా ఆవిడకు చెబితే, "పొద్దస్తమానం నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాయి గదా, ఇన్నాళ్ళకి పని దొరికింది వాటికి" అంది.

గొడవ నీళ్ళ దగ్గర వచ్చింది. ఆదివారం గొట్టం పెట్టి తొట్టిలో మూడో వంతు నీళ్ళు బకెట్లలోకి లాగాను. తీసుకెళ్ళి బాత్‌రూమ్ తూములో పోశాను. రెండో బకెట్ పోస్తుంటే వెనక మా అత్త నిలబడి ఉంది. కాలవల్లో పెరిగిన నాకు నీళ్ళంటే పారేవి. ఆమెకు నీళ్ళంటే ట్యాంకరు. చేపలకు కూడా చెప్పలేనంత బాధ కలిగినట్టుంది, ఆ రాత్రి భోజనం ముందు ప్రార్థన చాలా పొడుగ్గా సాగింది.

"తండ్రీ, మా ఊళ్ళో బిందెడు నీళ్ళ కోసం ట్యాంకరు ఎంట ఉరికేవాళ్ళం. నువ్వు చూశావు. ఇక్కడ బకెట్లకు బకెట్లు తూములో పోస్తా ఉండారు. నువ్వు చూస్తానే ఉండావు. పోసేవాళ్ళకు బుద్ధి ఇయ్యి తండ్రీ."

"ఆమెన్" అన్నాను నేను గట్టిగా. మా ఆవిడ కాలితో నా కాలు తొక్కింది.

మరుసటి వారం నుంచి ఆ బకెట్లు తూముదాకా వెళ్ళలేదు. పగిలిన బకెట్లు, పెయింట్ డబ్బాలు మెట్ల పక్కన వరసగా చేరాయి. వాటిలో గోంగూర, తోటకూర. చేపల నీళ్ళకు ఆ తోటకూర ఎట్లా లేచిందంటే, పక్కింటివాళ్ళు ఏ మందు వేస్తున్నారని అడిగారు.

ఇట్లా ఉండగా ఒక రోజు మా అత్త తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. సాయంత్రం కూతురు రాగానే చెప్పింది.

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. ఆ నల్లవాట్లో పెద్దది చూడిది."

గేదెలకు వాడే మాట చేపకు వాడేసరికి నాకు నవ్వు ఆగలేదు. "అది చూడి కాదు, తిండి ఎక్కువై బలిసింది. కొట్టువాడు అన్నీ మగవే అని ఇచ్చాడు, పిల్లలు పుట్టి తొట్టి నిండిపోకూడదని నేనే అడిగి తెచ్చా" అన్నాను.

మా అత్త చేపల వైపు తిరిగింది. "చేపమ్మా, మీ అయ్యను మొగచేప అని చెప్పినాయన్ని తీసుకొచ్చి ఈ పొట్ట చూపించమను. నడక చూడు, పక్కలు చూడు. నెల నిండతా ఉంది. నాకు చెప్తుండారు."

నేను పందెం కాశాను. ఓడిపోతే వారం రోజులు నా టీ నేనే పెట్టుకుంటానని. పెట్టుకున్నాను.

అది ఈనింది ఒక ఉదయం పూట. ఈనడం అనే అంటున్నాను, మా ఇంట్లో ఇంకో మాటకు ఇప్పుడు చోటు లేదు. నేను అప్పుడే పక్క మీద వాలాను. ముందుగదిలో "చేపమ్మా, చేపమ్మా, పిలవమ్మా" అని కంగారు. వెళ్ళి చూస్తే, ఆవగింజకు తోక పెట్టినట్టు ఒక చుక్క కర్రదుంగ వెనక నుంచి పైకి లేచి నాచులో దూరింది. తర్వాత ఇంకోటి. మిగతా చేపలు అప్పుడే వాసన పట్టాయి. తల్లి మోలీ కూడా ఒక చుక్క వెంట పడింది.

"కన్నది కూడా తింటదా!" అంది మా అత్త. ఈసారి ఎవరితో అన్నదో తెలియదు. "గేదె మాయ తినబోతేనే మేము కర్ర పట్టుకొని తోలతాం."

"అందుకే నాచు ఉంది. దాంట్లో దూరితే దొరకవు" అన్నాను చేపలతో.

ఆమె ముఖం తొట్టికి ఆనించి, నాచులో ఇరుక్కున్న చుక్కల్ని వెతికింది. అంతకుముందు ఆ మొక్కల్ని చూసి "గేదెకు కూడా పనికిరాని గడ్డి" అన్న మనిషి, ఆ రోజు "ఇంకా కాస్త దట్టంగా ఏస్తే పోయేదేముంది" అంది. సాయంత్రం కూతురు వచ్చేసరికి గుమ్మంలోనే, "మన ఇంట్లో పురుడు వచ్చిందే" అని చెప్పింది. మన ఇంట్లో అంది. మా ఆవిడ చెప్పులు విడవడం మరిచి నా వంక చూసింది. ఆ ఆదివారం ప్రయాణం మాట రాలేదు.

మనిషి సంతోషంగా ఉన్నప్పుడే ఎక్కువ ప్రేమ చూపిస్తాడు. అక్కడే వచ్చింది ముప్పు.

మా అత్త పల్లెలో గేదె ఈనితే, ముందు దానికి పెట్టేది తవుడూ బెల్లమూ కలిపిన ముద్ద. నీరసం పోవాలి, పాలు పడాలి. పెట్టకపోతే ఆ ఇల్లాలు మనిషే కాదు. ఇక్కడ ఒక ప్రాణి ఇంతమందిని కన్నది, అల్లుడేమో చిటికెడు పొడి చల్లి వెళ్ళిపోతున్నాడు. వీధి చివర పిండిమరలో గుప్పెడు తవుడు అడిగి తెచ్చింది. బెల్లం మా డబ్బాలోదే. గోరువెచ్చని నీళ్ళతో మెత్తగా పిసికి, చిన్న చిన్న ఉండలు చేసి, మధ్యాహ్నం తొట్టిలో వేసింది. చేపలు ఎగబడి తిన్నాయట. ఆ సంబరం చూసి ఇంకో నాలుగు వేసింది. మాకు ఎందుకు చెప్పలేదంటే, కూతురు పనిలో ఉంది, నేను నిద్రలో ఉన్నాను, రాయబారం నడిపేవాళ్ళే బాలింతలు.

మరునాడు పొద్దున మా ఆవిడ వెళ్ళేటప్పుడు నీళ్ళు కాస్త మసకగా ఉన్నాయి. అద్దం తుడవాలి అనుకుంది. నేను డ్యూటీ దిగి వచ్చి, ఆ రోజు టీ కూడా తాగకుండా మంచం ఎక్కాను. కన్ను మూతపడిందో లేదో, చెవిలో కేక.

"ఏమయ్యో! లెయ్యవయ్యా! చేపలు సచ్చిపోతా ఉండాయి! లెయ్యి నాయనా!"

నా భుజం పట్టి ఊపుతోంది మా అత్త. తలుపు చాటు లేదు, మధ్యవర్తి లేడు.

వెళ్ళి చూస్తే తొట్టి తొట్టిలా లేదు, మజ్జిగ కుండలా ఉంది. పుల్లటి వాసన. చేపలన్నీ పైకి వచ్చి, నీటి అంచున నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఎప్పుడూ అడుగు వదలని కోరీలు కూడా పైకి ఉరికి గాలి మింగి కిందపడుతున్నాయి. నీళ్ళలో తవుడు మురిగింది, ఊపిరి అయిపోయింది. నా నోట్లో ఒక్క జోకు లేదు.

"ఏం వేశావత్తా?"

"తవుడూ... బెల్లం. ఈనింది గదా అని."

కొత్త నీళ్ళు తిన్నగా పొయ్యడానికి లేదు, కుళాయి నీళ్ళలో క్లోరిన్ మందు ఉంటుంది. అదృష్టం, ఆదివారం కోసమని డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్ళున్నాయి. నేను గొట్టం నోట్లో పెట్టి మురికి నీళ్ళు లాగుతున్నాను, ఆమె బకెట్లు అందుకుంటోంది. మోకాళ్ళు వంగని మనిషి ఎట్లా వంగిందో తెలియదు. సగం నీళ్ళు తీసి, సగం కొత్తవి పోశాం. అయినా నోళ్ళు మూయలేదు చేపలు.

"గాలి కలవాలత్తా. చెంబుతో ముంచు, ఎత్తు నుంచి పొయ్యి. టీ కొట్టువాడు టీ తిరగబోస్తాడు చూడు, అట్లా."

ఆమె పీట మీద నిలబడింది. ముంచింది, ఎత్తింది, పోసింది. ముంచింది, ఎత్తింది, పోసింది. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చింది. పోస్తూనే ప్రార్థన చేసింది, ఈసారి ఎవరికీ వినబడాలని కాదు. నేను అడుగున పేరుకున్న తవుడు గొట్టంతో లాగుతూనే ఉన్నాను. ఎండ గుమ్మం దాటి గదిలోకి వచ్చేసరికి ఒక కోరీ కిందికి దిగి, మళ్ళీ పైకి రాలేదు. వంగి చూశాను. మీసాలతో ఇసుక వెతుక్కుంటోంది.

"ఇంక చాలు, దిగు అత్తా" అన్నాను. ఆమె దిగలేదు. ఇంకా కాసేపు పోసింది.

రెండు టెట్రాలు పోయాయి. తల్లి మోలీ బతికింది. పిల్లల సంగతి ఆ పాల నీళ్ళలో తెలియలేదు.

సాయంత్రం మా ఆవిడ వచ్చేసరికి మా అత్త చీరలు మడతపెట్టుకుంటోంది.

"నేను పోతానమ్మాయ్. అల్లుడింట్లో కూర్చుని తినేది చాలక, ఆయన ప్రాణంగా పెంచుకునేవాటికి యిసం పెట్టా. ఇన్ని గేదెల్ని సాకా, నా చేత్తో ఒక్కటి చావలా. పొద్దున మొదటి బస్సుకు పోతా."

మా ఆవిడ చేతిలో సంచీ కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఉండమని బతిమాలితే అత్త ఇంకా పట్టు పడుతుంది. నేను ఉండమంటే అల్లుడు జాలిపడ్డాడని అసలే ఉండదు. పెళ్ళయినప్పటి నుంచి నా నోటికి తాళం వెయ్యాలని చూసిన మా ఆవిడ, మొదటిసారి నా వంక అట్లా చూసింది. ఏదో ఒకటి అను అన్నట్టు.

"పోనీవే," అన్నాను నేను. "పని చెడగొట్టి పారిపోవడం సుఖమే గదా. రేపట్నుంచి రోజూ సగం నీళ్ళు తీసి మార్చాలి, మళ్ళీ మురిగిందంటే ఒక్క చేప కూడా మిగలదు. నువ్వు పనిలో ఉంటావు. నేను నిద్రపోకపోతే అక్కడ మెషిన్ మీద పడతా. మీ అమ్మేమో పొదిలి బస్సులో కిటికీ పక్కన కూర్చుని గాలి పీల్చుకుంటూ పోద్ది. చేపలకు గాలి లేకపోతే ఆమెకేం?"

"నోరు ముయ్యవయ్యా!" అంది మా ఆవిడ. కానీ అత్త చేతిలో మడతపెడుతున్న చీర మధ్యలో ఆగిపోయింది.

తొట్టి వైపు తిరిగి, ఎంతో కష్టంగా అంది. "చేపమ్మా, నీళ్ళు తేటపడిందాకా ఉంటానని చెప్పు. అంతే. ఆ తర్వాత ఉండనని కూడా చెప్పు."

"వాటికి ఒంట్లో బాగాలేదత్తా," అన్నాను. "వాటిని ఇబ్బంది పెట్టకు. నాకే చెప్పు."

మా అత్త పైట సర్దుకుంది. తర్వాత నా ముఖం వంక చూసి, "నీళ్ళు తేటపడిందాకా ఉంటా నాయనా" అంది.

వారమంతా ఆమె నీళ్ళు మార్చింది. డ్రమ్ము నింపి ఎండలో పెట్టడం, గొట్టంతో లాగడం, తీసిన బకెట్ మొక్కలకు పొయ్యడం. నాకన్నా నెమ్మదిగా చేస్తుంది, ఒక్క చుక్క నేల మీద పడదు. నీళ్ళు తేటపడ్డాయి. నాచు పక్కకు జరిపి చూస్తే ఆవగింజలు కాస్తా మిరపగింజలంత అయ్యాయి. ఎన్నున్నాయో లెక్కపెట్టబోతే మా అత్త నా చేతి మీద ఒకటి కొట్టింది. "పిల్లల్ని లెక్కపెట్టకూడదు, దిష్టి."

నీళ్ళు తేటపడ్డాక కూడా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తితే మా ఆవిడ చంపుతుంది. మా ఆవిడ ఎత్తడానికి భయం. మా అత్త ఏమనుకుంటోందో మాకు తెలియదు.

ఒక సాయంత్రం ఊరి నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. పక్కింటి ఆవిడ. మా అత్త ఫోన్ చెవి దగ్గర పెట్టుకోదు, అరచేతిలో పెట్టుకుని స్పీకర్లో అరుస్తుంది. ఊరంతా మా ముందుగదిలోకి వచ్చినట్టుంటుంది.

"వదినా, నీ కుడితి తొట్టి చావిట్లో ఊరికినే పడుండాది గదా. మా గేదె ఈనింది. దానికి వాడుకుంటా. నువ్వు ఊరికొచ్చినప్పుడు ఇచ్చేస్తాలే."

మా అత్త ఫోన్‌ను ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఆ రాతి తొట్టి ఆమె కాపురానికి వచ్చినప్పుడే అక్కడ ఉంది. ఎన్ని గేదెలు దాంట్లో మూతి పెట్టాయో. నేను గొట్టం పట్టుకుని చేపల తొట్టి దగ్గర వంగి, వినబడనట్టు నటిస్తున్నాను. వంటింట్లో పోపు చిటపటలాడుతోంది. గరిటె చప్పుడు మాత్రం లేదు.

"ఇచ్చేదేంది, ఉంచుకో" అంది మా అత్త. "నాకింక దాంతో ఏం పని? ఆ పలుపులూ గుంజలూ కూడా నువ్వే తీసుకో. ఇంటి తాళంచెవి నీ దగ్గరే ఉండనీ."

"అయితే ఇంక రావా వదినా?"

"ఎందుకు రాను, పండక్కొస్తా. చుట్టంగా వస్తా. టీ పెట్టియ్యి."

ఫోన్ పెట్టేసి, పీట లాక్కుని, చేపలకు మేత డబ్బా మూత తీసింది. చిటికెడు తీసి నాకు చూపించింది, సరిపోతుందా అన్నట్టు. నేను తల ఊపాను.

ఆ రాత్రి పప్పు మాడిన వాసన వేసింది. ముగ్గురం గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం.